మా పెరటి ఫర్షి

పోయిన వేసవిలో సేడం ఇంటి పెరడు మళ్లీ పరిపించాలని అందరం అనుకున్నాం. పండగకి పాతికమందిమి చేరితే కూర్చునే చోటు లేదు. పాత బండలు కుంగి ఎగుడుదిగుడయ్యాయి, వానొస్తే మడుగే. పిల్లలు సిమెంటు ఇంటర్‌లాక్ దిమ్మెలు వేద్దామన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "బండలు తియ్యండి, కడగండి, మళ్లీ వెయ్యండి. అవి మీ తాత తాండూరు నుంచి తెప్పించినవి" అంది. సేడం చుట్టూ రాయే కదా, తాండూరు నుంచి ఎందుకు తెచ్చినట్టు? అక్కడ మొదలైంది మా వెతుకులాట.

ఇక్కడ ఈ బండని నాపరాయి అనేవాళ్లు తక్కువ. కన్నడంలో, మరాఠీలో, మన ఇళ్లలో కూడా ఫర్షే. ఉర్దూలో ఫర్ష్ అంటే నేల. బజారులో షాబాద్ బండ, తాండూరు బండ అని రెండు పేర్లున్నాయి గానీ, భూమిలో రెండూ ఒకే భీమా లోయ సున్నపురాయి. ఎప్పుడో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే పొర దగ్గర ఉలి పెట్టి కొడితే పలకలా లేస్తుంది. రంపాలు రాకముందు కూడా మామూలు ఇళ్లవాళ్లు వాకిలికి రాయి పరుచుకోగలిగారంటే కారణం ఇదే.

ఈ రాయి వాడకం ఇవాళ్టిది కాదు. భీమా ఒడ్డున కనగనహళ్లిలో 1994 నుంచి జరిగిన తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ స్తూపం శిల్పఫలకాలు సున్నపురాయివే. అశోకుడి పేరు చెక్కిన బొమ్మ దొరికింది అక్కడే. రాష్ట్రకూటుల రాజధాని మళఖేడ్ అయితే మా తాలూకాలోనే ఉంది. రాయిని దూరాలకి తీసుకుపోయింది మాత్రం రైలు. 1871లో బొంబాయి లైను షాబాద్, వాడి మీదుగా రాయచూరు చేరింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి నిజాం లైను పడింది. సేడం, తాండూరు రెండూ ఆ లైను మీదే. తర్వాత అదే రాయిని కాల్చి సిమెంటు చేసే ఫ్యాక్టరీలూ వచ్చాయి. అంటే పిల్లలు అడిగిన దిమ్మెలు కూడా ఒక లెక్కన మా రాయే!

ఇక తాండూరు సంగతి. తాత చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరికే. వాళ్లకి గని పక్కన పొలం ఉండేది. బండలు గూడ్సులో వచ్చి, స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద ఇంటికి చేరాయట. అప్పుడు తాండూరు వేరే రాష్ట్రం కాదు, వేరే జిల్లా కూడా కాదు. సేడం, తాండూరు రెండూ హైదరాబాదు సంస్థానంలో గుల్బర్గా జిల్లావే. 1956 నవంబరు 1న తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి, మేం మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాం. తాత ఉర్దూలో చదువుకున్నాడు. ఆ తర్వాత వాళ్ల పిల్లలు తెలుగు బడికి, మా నాన్నల తరం కన్నడ బడికి వెళ్లారు. రాకపోకలు ఆగలేదు గానీ ఉత్తరాలు ఆగాయి. వాళ్లు రాసింది మావాళ్లకి చదవరాదు, మావాళ్లు రాసింది వాళ్లకి చదవరాదు. మా ఇంట్లో తెలుగు మాట మిగిలింది, రాత పోయింది. ఈ నాలుగు ముక్కలు కూడా మాలో ఇద్దరం పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలతోనే రాస్తున్నాం.

బండలు లేపుతూ పెద్దమ్మ ఒక్కోదాని మీద సుద్దతో కన్నడ అంకెలు వేసింది. తెలుగు అంకెలకీ వాటికీ తేడా అంతంతమాత్రమే, అందరం చదవగలిగాం. కింద చూస్తే సిమెంటు జాడే లేదు. మొరం, దాని మీద ఇసుక, సందుల్లో సున్నం. కుంగింది రాయి కాదు, కింద మొరం కొట్టుకుపోయింది. మా గౌండీ కాంక్రీటు బెడ్డు పోద్దామన్నాడు. ముందు వాకిలికి అలాగే పోయించి, నీళ్లు ఇంకక గడప దాకా రావడం చూశాం కాబట్టి వద్దన్నాం. మట్టి దిమ్మిస చేయించి, నాలుగంగుళాల మొరం, పైన ఇసుక వేశాం. ఇంటి గోడ నుంచి బయటికి ఆరడుగులకి అంగుళం చొప్పున వాటం పెట్టాం. సందుల్లో ఇసుకే నింపాం. వేపచెట్టు చుట్టూ మూడడుగులు మట్టిగానే వదిలేశాం. కూర్చోవడానికి చెట్టు కిందే చదును చేశాం.

పద్నాలుగు బండలు పగిలిపోయాయి. వాటికి బదులు తాండూరు వెళ్లి నీలం రాయి తెచ్చాం. పాలిష్ రాయి వానలో జారుతుంది కాబట్టి గరుకుదే తీసుకున్నాం. యాసిడ్‌తో కడగొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాం, సున్నపురాయిని అది తినేస్తుంది. నిమ్మరసం పడినా తెల్ల మరక నిలుస్తుంది.

తాత చెల్లెలి మనవలు ఇప్పటికీ తాండూరులోనే ఉన్నారు. బండల కోసం వెళ్లిన రోజు భోజనం వాళ్లింట్లోనే. దసరాకి రమ్మని పిలిచాం. చెట్టు కింద చోటుంది.