సున్నపు తేట

కర్నూలు, కడప వైపు ఊళ్లలో నాపరాయి లేని ఇల్లు అరుదు. బేతంచెర్ల బండలు నేల మీద పరుచుకుంటాయి, మిద్దెకు కప్పవుతాయి, వంటింట్లో గట్టవుతాయి, నిలువునా పాతితే దొడ్డికి గోడవుతాయి. ఆ బండ సున్నపురాయి. ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్నది. అందువల్ల ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని పగడాలు పెంచాలనుకునే వారికి సహజంగా ఒక ఆలోచన తడుతుంది. తొట్టి నీటి పీహెచ్ 8.0, 8.4 మధ్య నిలకడగా ఉండాలి; సున్నపురాయికి క్షారగుణం ఉంది; కాబట్టి అడుగున నాలుగు రాళ్లో, గుప్పెడు సున్నపురాతి ఇసుకో వేస్తే పీహెచ్ దానంతటదే నిలబడుతుంది. ఈ నమ్మకం పొరపాటని నా వాదన. దానికి సాక్ష్యం ఈ సీమ చరిత్రలోనే ఉంది. ఉప్పునీటిని నిలబెట్టే శక్తి రాయిలో నిద్రపోతూ ఉంటుంది. ఆ రాయిని కాల్చి, తడిపి, తేర్చినప్పుడే అది మేలుకుంటుంది. ఆ తేడా బట్టీల్లో సున్నం కాల్చినవాళ్లకు, తమలపాకుకు సున్నం రాసినవాళ్లకు, గుమ్మం ముందు ఎర్రనీళ్లు తిప్పిపోసినవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

రాయి పుట్టుక నుంచి మొదలుపెట్టాలి. భారత భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఈ ప్రాంతపు కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లో పెద్ద గ్రంథం వెలువరించాడు. కర్నూలు శ్రేణిలోని పొరలకు స్థిరపడిన పేర్లు చూస్తే ఈ సీమ ఊళ్లన్నీ చుట్టివచ్చినట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. ఇంతకంటే పాతవైన కడప శ్రేణి పొరల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ల దాకా వెళుతుంది. వేంపల్లె పేరుతో పిలిచే పొరల్లో, కోసిన ఉల్లిగడ్డలా వలయాలు వలయాలుగా స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి. అప్పటికి చేప లేదు, పగడం లేదు. లోతు తక్కువ నీటిలో కంటికి కనిపించని జీవులు చాపల్లా అల్లుకుని ఎండ పట్టుకునేవి. అవి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకున్న కొద్దీ చుట్టుపక్కల పీహెచ్ పెరిగి, నీటిలో కరిగి ఉన్న సున్నపు సరుకు గట్టిపడి కిందికి దిగింది. మన బండలకు ముందుతరం చుట్టాలు ఆ చాపల మీద పేరుకున్న పొరలే. అంటే సున్నపురాయి సముద్రం పోగొట్టుకున్న సొమ్ము. పగడం కూడా తన గూడు కట్టుకోవడానికి నీటినుంచి అదే సొమ్ము తీస్తుంది. పోయినదాన్ని పోసినవాడిగా పొరబడటం దగ్గరే పై నమ్మకం దారి తప్పింది.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. సముద్రం ఇన్ని యుగాలు నిలకడగా ఉన్నది అడుగున సున్నపురాయి ఉండబట్టే కదా అనవచ్చు. దీర్ఘకాలంలో అది నిజమే. కానీ సముద్రాన్ని రోజువారీగా కాచేది నీటిలో ఇప్పటికే కరిగి ఉన్న బైకార్బొనేట్. దాన్ని నేలమీది రాళ్లను అరగదీసి నదులు మోసుకొస్తాయి. అడుగున ఉన్న సున్నం లెక్క సరిచేయడానికి వేల ఏళ్లు పడుతుంది. పైగా ఉష్ణమండల సముద్రపు పైనీరు సున్నంతో ఇప్పటికే పొంగిపోయేంత నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకో చెంబు ఎలా పడుతుంది? పీహెచ్ 8 చుట్టూ ఉన్నంతకాలం తొట్టిలో వేసిన రాయి కరగదు. అది కరిగే స్థాయికి నీరు పులిసేసరికి పగడాలు ఎప్పుడో నీరసిస్తాయి. ఇంటి తొట్టికి వేల ఏళ్లు లేవు, నదులూ లేవు.

రాయి ఎప్పుడు కరుగుతుందో చూడాలంటే బెలుం గుహలకు వెళ్లాలి. ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో చదునైన చేల కింద ఉన్న ఈ గుహల గురించి రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే రాశాడు. జర్మన్ పరిశోధకుడు డేనియల్ గెబాయర్ 1982, 1983లలో వాటిని కొలిచాడు. మొత్తం 3,229 మీటర్లు. ఆ దారులన్నీ తొలిచింది నీరే, అయితే మామూలు నీరు కాదు. మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాస్త పులుపెక్కిన నీరు. అలాంటి నీటికే సున్నపురాయి లొంగుతుంది. అదే నీరు గుహ కప్పునుంచి బొట్టుగా జారి, పట్టుకున్న వాయువును వదిలేయగానే, కరిగించిన సున్నాన్ని మళ్లీ రాయిగా వదిలేస్తుంది. నేటి అక్వేరియం వాళ్లు వాడే కాల్షియం రియాక్టర్ అచ్చంగా ఒక చిన్న బెలుం: గొట్టంలో పగడపు ముక్కలు వేసి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, పీహెచ్‌ను 6.5 దాకా దించి కరిగిస్తారు. పని జరుగుతుంది. కానీ మిగిలిన వాయువు తొట్టిలోకి వచ్చి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. తలుపులు మూసి ఏసీ వేసుకున్న గదిలో మనుషులు వదిలిన ఊపిరి కూడా ఇదే చేస్తుంది. రాత్రి దీపం ఆరాక తొట్టిలోని నాచు వాయువును తీసుకోవడం మాని వదలడం మొదలుపెడుతుంది కనుక తెల్లవారుజామున పీహెచ్ అడుగుకు చేరుతుంది. రాయిని పులుపుతో కరిగించడం ఒక దారి. దాని వెల ఆ పులుపే.

రెండో దారి నిప్పు. సముద్ర తీరంలో గుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసుకునేవారు. సీమకు గుల్లలు లేవు, కాళ్ల కిందే రాయి ఉంది. బట్టీలో రాయి ఒక వరుస, బొగ్గో కట్టెలో ఒక వరుస పేర్చి, దాదాపు 900 డిగ్రీల వేడికి చేర్చితే రాయిలో బిగుసుకుని ఉన్న వాయువు ఎగిరిపోతుంది. 100 కిలోల శుద్ధమైన రాయి 56 కిలోలవుతుంది. రూపం మారదు, బరువు దాదాపు సగం తగ్గుతుంది. ఆ తగ్గినదేమిటో 1756లో ఎడిన్‌బరోలో జోసెఫ్ బ్లాక్ తూకం వేసి చూపించాడు. కార్బన్ డయాక్సైడ్ శాస్త్రానికి అలా పరిచయమైంది. కాలిన రాయి మీద నీళ్లు పోస్తే ఆవిరి చిమ్ముతూ, పగులుతూ, పిండిగా విరుచుకుంటుంది. కట్టుబడికి దాన్ని ఇసుకతో కలిపి, గుండ్రటి కాలువలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద నూరి, గానుగ సున్నం చేసేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. గోడలో చేరిన ఆ సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కొద్దికొద్దిగా వెనక్కి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. పాత కట్టడాల్లో అతుకు వయసు పెరిగే కొద్దీ బిగిసేది ఇందుకే. కాలిన సున్నానికి ఉన్న ఈ వాయువు ఆకలి పచ్చి రాయికి లేదు. నా వాదనకు ఇదే ఇరుసు.

సున్నాన్ని నీళ్లలో కలిపి, కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని వంచుకుంటే సున్నపు తేట. బూడిదగుమ్మడి ముక్కలు పాకంలో చెదిరిపోకుండా ముందు నానబెట్టేది ఇందులోనే. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాములకు మించి సున్నం కరగదు, అయినా ఆ తేట పీహెచ్ 12 దాటుతుంది. పీహెచ్ అనే కొలత 1909లో కోపెన్‌హాగన్‌లో సోరెన్సన్ చేతిలో పుట్టింది కదా, అంతకు ముందటి వాళ్లకు ఈ జ్ఞానం అంటగట్టడం సబబేనా అని అడగవచ్చు. అంకె వాళ్ల దగ్గర లేదు, ఒప్పుకుంటాను. గుర్తు మాత్రం ఉంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు అలా వచ్చినవే. పసుపు రంగు మారేది పీహెచ్ 7.4 నుంచి 8.6 లోపల. సముద్రపు నీరు నిలిచేది సరిగ్గా ఆ మెట్ల మధ్యనే. పసుపు పండించే కడప జిల్లాలో పసుపూ సున్నమూ ప్రతి పళ్లెంలో పక్కపక్కనే ఉన్నాయి. సున్నం ఎక్కువైన ఆకు నోరు పొక్కిస్తుందని, మూత పెట్టని సున్నపు నీటి మీద పొర కట్టి బలం చచ్చిపోతుందని తెలిసినవారికి ఆ పదార్థం నడత తెలిసినట్టే. ఏ మోతాదులో మేలు చేస్తుందో, దేనికి గురై పాడవుతుందో తెలియడం కూడా శాస్త్రంలో భాగమేనని నేను అనుకుంటాను.

ఈ తేటనే 1970లలో పీటర్ విల్కెన్స్ ఐరోపా పగడాల తొట్టెల్లో ప్రచారంలోకి తెచ్చాడు. జర్మన్‌లో దాని పేరు కాల్క్‌వాసర్, మాటకు మాటగా సున్నపు నీరు. తొట్టిలో పడ్డ తేట అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి బైకార్బొనేట్‌గా మారుస్తుంది. పీహెచ్‌ను దించే వాయువు తగ్గుతుంది, పగడం తీసుకున్న కాల్షియం తిరిగొస్తుంది, నిలకడ కాచే బైకార్బొనేట్ నిండుతుంది. ఒక్క దెబ్బకు మూడు పనులు. ఒక్కసారిగా గుమ్మరిస్తే నీరు పాలలా తెల్లబడి సున్నం రాలిపోతుంది, చేపలు చస్తాయి. కాబట్టి బొట్టుబొట్టుగా, ఎక్కువగా రాత్రిపూట, ఆవిరైన నీటి స్థానంలో మాత్రమే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కనుక దాని బదులు తేట పోస్తే ఉప్పదనమూ చెదరదు. ఎంత నీరు ఆవిరైతే అంత తేటకే చోటు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే పొడి గాలిలో ఆ చోటు తీరప్రాంతపు ఉక్కలో కంటే ఎక్కువ. పగడాలకు కష్టమనిపించే సీమ ఎండ ఈ ఒక్క విషయంలో అక్కరకొస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, సోడా ఉప్పు చాలదా అనేవారూ ఉన్నారు. వంటసోడా బైకార్బొనేట్‌ను నింపుతుంది గానీ, పీహెచ్‌ను వెంటనే పెంచకపోగా కాస్త దించుతుంది. బట్టలుతికే సోడా పెంచుతుంది. చౌడు నేలల మీద తెల్లగా పేలే చౌడును ఏరి బట్టలుతికిన చాకళ్లు వాడింది ఈ రెండోదాన్నే. కానీ రెంటిలోనూ కాల్షియం లేదు; దాన్ని విడిగా పోయాలి. సున్నపు తేటలో కాల్షియం, క్షారగుణం రెండూ పగడానికి కావలసిన పాళ్లలోనే ఉంటాయి, ఎందుకంటే తేట వచ్చింది అలాంటి గూళ్లకు సమానమైన రాయినుంచే. ఇక్కడ ఒక జాగ్రత్త: వేంపల్లె పొరల రాయిలో మెగ్నీషియం బాగా కలిసి ఉంటుంది, నార్జి రాయి సున్నానికి మేలు, గోడలకు వేసే సంచి సున్నంలో ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం. తొట్టికి శుద్ధి చేసిన సున్నమే వాడాలి.

1955లో పాణ్యం సిమెంట్స్ ఏర్పడింది, తర్వాత ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు లేచాయి. అవి కాల్చేదీ ఈ రాయినే, వదిలేదీ 100 కిలోలకు 44 కిలోల ఆ వాయువునే. గానుగలు ఆగాయి, ఊరి బట్టీలు చల్లారాయి. పారిశ్రామిక యుగం మొదలైనప్పటినుంచి ప్రపంచమంతా నేలలోంచి తీసి కాల్చిన కార్బన్‌లో ఒక వాటా సముద్రంలో కరిగి, దాని పైనీటి పీహెచ్‌ను 8.2 నుంచి 8.1కి దించింది. ఆ లోటు పూడ్చడానికి సముద్రంలోనే సున్నం కలపాలన్న ప్రతిపాదనను ఇప్పుడు శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు. ఆ సున్నానికి ముందు బట్టీ వెలిగించాలి, బట్టీ నుంచి పోయే వాయువును పట్టి దాచాలి.