మద్యవిముక్తి సహాయక బృందాలు

తాగుడు మానాలనుకునేవాళ్లు, మానేసినవాళ్లు ఒకచోట చేరి తమ అనుభవాలు చెప్పుకుంటూ ఒకరికొకరు ఆసరాగా నిలిచే సమావేశాలివి. వీటిలో నేడు ప్రపంచమంతటా బాగా విస్తరించినది ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఎ.ఎ.).

1935 మే నెలలో న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్ పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వచ్చాడు. అప్పటికి ఆయన తాగుడు మాని కొన్ని నెలలే. వచ్చిన పని చెడింది, మనసు మళ్లీ బార్ వైపు లాగింది. ఆ సమయంలో తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితే నిలబడగలననుకుని, శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్‌ను కలిశాడు. పావుగంట చాలన్న డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఎదుటి మనిషి నీతులు చెప్పలేదు, తన పతనం గురించి చెప్పాడు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఎ.ఎ. పుట్టినరోజుగా పాటిస్తారు. తాగుడు నుంచి బయటపడడానికి సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లను వివరించే పుస్తకం 1939లో వచ్చింది. భారతదేశంలో ఎ.ఎ. 1957లో బొంబాయిలో వేరూనింది.

తెలుగునాట మద్యం చరిత్ర అనగానే గుర్తొచ్చేది నిషేధమే. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం వివాదంమీదే కూలిపోయింది. 1983 తర్వాత వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు అమ్మించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న ఆడవాళ్లు సారా కొట్టును మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు.

ఆ ఉద్యమం గొప్పదే. కానీ కొట్టు మూతపడిన మర్నాడు చేతులు వణుకుతూ లేచిన మనిషికి ఎవరు తోడున్నారన్న ప్రశ్న ఆ చరిత్రలో ఎక్కువగా వినపడదు. సహాయక బృందాలు మొదలుపెట్టేది సరిగ్గా అక్కడినుంచే. వీటి గురించి మన పత్రికల్లో తక్కువ రాయడానికి కారణం నిర్లక్ష్యమొక్కటే కాదు. సభ్యులు పత్రికల్లో తమ పూర్తి పేర్లు బయటపెట్టకూడదన్నది వీళ్ల నియమం.

మీటింగు సాధారణంగా గంట, గంటన్నర నడుస్తుంది. చర్చి గదిలోనో, బడిలోనో, ఆసుపత్రి హాల్లోనో కూర్చుంటారు. మాట్లాడేవాళ్లు ముందు పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్‌లమని ఒప్పుకుని మొదలుపెడతారు. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు గురించి విన్న పల్నాడు వాళ్లకు ఆ పంక్తి కొత్తగా అనిపించదు. ఒకరు చెబుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, వాదించరు. ఇష్టం లేనివాళ్లు మాట్లాడకుండా వినొచ్చు. రుసుము లేదు, టీ ఖర్చులకు, గది అద్దెకు సభ్యులే హుండీలో వేసుకుంటారు, బయటి చందాలు తీసుకోరు. చేరడానికి కావలసిందల్లా తాగుడు మానాలన్న కోరికే. పాత సభ్యుడొకరు కొత్తవాడికి 'స్పాన్సర్'గా ఉంటారు. రాత్రి పూట తాగాలనిపిస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి దొరకడం చిన్న సంగతి కాదు. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు మానాలనుకునేవాళ్లకే.

తాగేవాళ్ల భార్యలకు, పిల్లలకు వేరే బృందాలున్నాయి. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్, మరొకరితో కలిసి స్థాపించిన అల్-అనాన్ ఇందులో పెద్దది. తాగుడు తమ వల్ల రాలేదని, తిట్టో బతిమాలో తాము దాన్ని ఆపలేమని అక్కడ ఆడవాళ్లు ఒకరి నోట ఒకరు వింటారు. ఏళ్ల తరబడి మొగుణ్ణి దారిలో పెట్టలేకపోయావన్న మాట పడ్డ ఇల్లాలికి అది ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

ఈ మీటింగులు పనిచేస్తాయా? 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించి, పన్నెండు మెట్ల పద్ధతి పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర చికిత్సలకు తీసిపోదని, చాలాసార్లు మెరుగని తేల్చింది. మన కష్టం అక్కడిదాకా చేరడమే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, మీటింగు కోసం గుంటూరు వెళ్లాలంటే అమరావతి వాళ్లకు దగ్గరే. మాచర్ల నుంచి మాత్రం వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కూలి మానుకుని వారం వారం వెళ్లడం కుదిరే పని కాదు. 2020 కరోనా తర్వాత పెరిగిన ఆన్‌లైన్ మీటింగులు ఆ దూరాన్ని కొంత తగ్గించాయి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీమానస్ 14416కు ఫోన్ చేసి అడగొచ్చు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ దారి చెబుతారు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత మీటింగుకు వెళ్లాలి. మొదటి మీటింగు నచ్చకపోతే మరో బృందానికి వెళ్లొచ్చు. మళ్లీ తాగి వచ్చినా తలుపు వేయరు.