హగరికి అవతల ఈరమ్మ

ఎమ్మిగనూరులో బళ్లారి బస్సెక్కితే ఆదోని, ఆలూరు దాటినాక హగరి వస్తుంది. ఏరు దాటితే బోర్డుల మీద కన్నడం. నేల మాత్రం అదే నల్లరేగడి. 1953 దాకా ఆదోని, ఆలూరు కూడా బళ్లారి జిల్లాలోవే కదా. ఇంకా ముందుకు, సండూరు దిక్కున దరోజికి పోదాం, ఓ ఇరవై ఏండ్లు వెనక్కి.

చీకటి పడింది. అంత దూరాన నిలబడొద్దు, ముందుకొచ్చి కూర్చోండి. భుజాన తంబూరతో ఉన్న ఆ పెద్దమ్మే బుర్రకథ ఈరమ్మ. పక్కన వంతలు శివమ్మ, పార్వతమ్మ వాయించడానికి డిమ్మిలు అందుకున్నారు. ఈ రాత్రి కుమారరాముని కథ. రాముడి కంపిలి రాజ్యం ఈ చుట్టుపక్కలదే. రాముని చెండు ఎగిరి పినతల్లి రత్నాజి మేడలో పడింది. తెచ్చుకోవడానికి లోపలికి పోతున్నాడు. పోవద్దు నాయనా అనాలనిపిస్తుంది మనకు. ఆమె గొంతు తగ్గింది, తంబూర తీగ మీద వేలు మాత్రం ఆగలేదు. చరణం కొసన వంతలు పాట అందుకుంటే, ఆ సందులోనే ఆమె ఊపిరి పీల్చుకుంటుంది.

ఎదుట కాగితం లేదు, ఉన్నా చదవలేదు. చిన్నప్పుడు తండ్రి నోట విని నేర్చిన విద్య ఇది. ఇట్లాంటి కావ్యాలు 12 ఆమె నోట ఉన్నాయి. అచ్చువేస్తే 7,000 పుటలు అవుతాయని లెక్క. మనకు తెలిసిన బాలనాగమ్మ కథా అందులో ఉంది.

ఈరమ్మది బుడగ జంగాల కులం. ఊరూరా తిరిగి కథ చెప్పి, పెట్టిన గింజలు జోలెలో వేసుకున్న కులం. ఇంట్లో మాట తెలుగు, ఆమె పాడేది కన్నడం. 1999లో కర్ణాటక ప్రభుత్వం రాజ్యోత్సవ పురస్కారం ఇచ్చింది. హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ బిరుదు ఇచ్చింది, అంటే గౌరవ డాక్టరేటుతో సమానం. బడి గడప తొక్కని మనిషిని విశ్వవిద్యాలయం నెత్తిన పెట్టుకుంది. ఇంతకంటే న్యాయమైన పని నాకు తోచదు.

2014 ఆగస్టు 12న ఆమె కన్నుమూసింది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల కూడా బుడగ జంగాలు ఉన్నారు. మీ ఊళ్లో కథ తెలిసిన అవ్వ ఎవరైనా ఉంటే ఒక్క రాత్రి చెప్పించుకోండి. పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేయండి.