మరమ్మతు వేళ

ఊరికి కొళాయి నీరు వచ్చిన దినము ఊరంతకును పండుగ. పెద్దలు వచ్చి ఉపన్యసించెదరు. గోడకు శిలాఫలకము ఎక్కును. ఇరువది ఏండ్ల తరువాత అదే గొట్టము తుప్పుపట్టి పగులును. నలుగురు కూలీలు వీధి త్రవ్వి, అతుకు వేసి, మన్ను కప్పి పోవుదురు. ఆ దినము మాత్రము ఎవరికిని జ్ఞాపకముండదు. చరిత్రకారులు సైతము నిర్మాణములను గూర్చి వ్రాసినంతగా మరమ్మతులను గూర్చి వ్రాయలేదు. అయినను పురపాలనకు అసలైన పరీక్ష ఆ రెండవ దినముననే జరుగునని మా అభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా ఇంగ్లండులోని ఒక పట్టణపు చరిత్రను శ్రోతల ముందు ఉంచుచున్నాము.

లండను నడిబొడ్డునకు దక్షిణముగా ఇంచుమించు పది మైళ్ళ దూరమున క్రాయ్‌డన్ అను ఊరు కలదు. నేడది ఆ మహానగరములో కలిసిపోయినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ మాత్రము అది సుమారు ఇరువదివేల జనము గల సంతపట్టణము. త్రాగుటకు బావులు, వాగులు. మురుగు పోవుటకు గుంటలు, చెరువులు. ప్రక్కనే వాండిల్ అను చిన్న యేరు. త్రాగునీటికిని మురుగునీటికిని నడుమ ఉండవలసిన హద్దు ఎక్కడను గట్టిగా లేదు.

1848లో బ్రిటిషు పార్లమెంటు ప్రజారోగ్య చట్టము చేసినది. పన్ను చెల్లించువారిలో పదియవవంతు మంది కోరినను, ఏటా వేయికి ఇరువదిమూడు మందికంటె ఎక్కువ మరణించుచున్నను, ఆ ఊరిలో స్థానిక ఆరోగ్య బోర్డును ఏర్పరచుటకు ఆ చట్టము వీలు కల్పించినది. అప్పటికే కలరా దేశమంతటను తిరుగుచుండెను. 1849లో క్రాయ్‌డన్ తన బోర్డును ఏర్పరచుకొన్నది. దేశములో మొట్టమొదట ఏర్పడిన బోర్డులలో అది ఒకటి.

ఆ చిన్న బోర్డు ఉత్సాహము మెచ్చదగినది. రెండేండ్లలో లోతైన బావి నుండి ఆవిరియంత్రముతో నీరు తోడి, మెట్టమీది జలాశయమునకు ఎక్కించి, అచ్చట నుండి ఇండ్లకు పంపు ఏర్పాటు సిద్ధమైనది. 1851 డిసెంబరులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు వచ్చి ప్రారంభోత్సవము జరిపినారు. మురుగునకు ఇటుకల సొరంగములకు మారుగా నున్నని మట్టిగొట్టములు వేసినారు. సన్నని గొట్టములో నీరు వేగముగా పారుననియు, అది తన్ను తానే కడుగుకొనుననియు ఎడ్విన్ చాడ్విక్ వంటి సంస్కర్తల విశ్వాసము. ఇటుక కాలువకంటె ఖర్చును తక్కువ. పన్నుదారులకు ఇంతకంటె ఏమి కావలెను?

మరుసటి ఏడు తిరుగకమునుపే ఊరిలో జ్వరము పుట్టినది. 1852 చివర, 1853 మొదట, వందలకొలది ఇండ్లలో మనుష్యులు మంచము పట్టినారు. ప్రభుత్వము నీల్ ఆర్నాట్ అను వైద్యుని, థామస్ పేజ్ అను ఇంజనీరును విచారణకు పంపినది. గొట్టములు కొన్ని పూడిపోయినవి, కొన్ని పగిలినవి. క్రొత్త గొట్టములే జ్వరమునకు మూలమా, ఊరిలో తవ్విపోసిన పాతగుంటలా అని అప్పుడు పెద్ద వాదము సాగినది. వాదమెట్లున్నను బోర్డునకు ఒక సంగతి తెలిసివచ్చినది: కట్టుట ఒక విద్య, కట్టినదానిని కాపాడుట మరియొక విద్య. మొదటిదానికి అప్పు పుట్టును; రెండవదానికి ఏటేటా పన్ను వేయవలెను.

అప్పటికింకను కంటికి కనబడని మరియొక ప్రమాదము కలదు. నిండుగా పారుచున్న గొట్టమునకు చిల్లి పడినచో నీరు వెలుపలికి చిమ్మును. నీరు కట్టివేసినప్పుడు అదే గొట్టము ఖాళీయగుచు, చిల్లి చుట్టునున్న మురుగును లోపలికి పీల్చుకొనును. మరల నీరు వదలినప్పుడు ఆ మురుగు కొళాయి గుండ బిందెలోనికి చేరును. 1873లో కేంబ్రిడ్జిలోని కీస్ కళాశాలలో విద్యార్థులకు టైఫాయిడ్ సోకినప్పుడు జార్జి బుకానన్ అను ప్రభుత్వ వైద్యుడు ఈ మార్గమును కనిపెట్టినాడు. మరుగుదొడ్డికి నీరిచ్చు గొట్టమే, నీరు ఆగిన వేళ, మలినమును పీల్చుకొన్నది. 1875లో క్రాయ్‌డన్‌లో టైఫాయిడ్ మరల ప్రబలగా విచారణకు వచ్చినవారును ఆయనయే.

ఊరు పెరిగినది. 1867లో మెట్టమీద ఎత్తైన నీటిగోపురము లేచినది. 1883లో పట్టణమునకు పురపాలకాధికారము లభించినది. బోర్డు పోయి కార్పొరేషను వచ్చినది. శాస్త్రమును ముందుకు సాగినది. 1905లో లింకన్ అను ఊరిలో టైఫాయిడ్ చెలరేగగా, అలెగ్జాండర్ హూస్టన్ నీటిలో క్లోరిన్ లవణమును కలిపి దానిని శుద్ధిచేసినాడు. క్రమముగా ఆ పద్ధతి దేశమందు వ్యాపించినది. 1937 నాటికి క్రాయ్‌డన్‌లో వడపోత యంత్రము కలదు, క్లోరిన్ కలదు, ఇంజనీరు కలడు, ఆరోగ్యాధికారి కలడు. తొంబది ఏండ్ల అనుభవమును కలదు.

ఆ సంవత్సరము శరదృతువులో, పట్టణపు దక్షిణ భాగమునకు నీరిచ్చు ఆడింగ్టన్ బావికి మరమ్మతులు తలపెట్టినారు. పనివారు బావిలోనికి దిగి పనిచేసినారు. బావి నుండి నీరు తోడి ఊరికి పంపుటయు ఆగలేదు. అయితే మరమ్మతు కాలములో ఆ నీరు వడపోతకు గాని క్లోరిన్‌కు గాని పోలేదు. ఏ నీటిలో మనుష్యులు దిగి పనిచేయుచున్నారో, ఆ నీరే శుద్ధి లేక ఇండ్లకు చేరినది.

అక్టోబరు చివర జ్వరములు మొదలైనవి. ఒక వైద్యుని వద్ద ఒక రోగి, మరియొకరి వద్ద ఇంకొకరు. ఎవరికి వారుగా చూచినప్పుడు అది ఉపద్రవమని తోచలేదు. రోగుల ఇండ్లన్నియు ఒకే బావి నీరు త్రాగు ప్రాంతములో ఉన్నవన్న సంగతి పైకి వచ్చునప్పటికి విలువైన దినములు గడచిపోయినవి. మొత్తము 341 మందికి టైఫాయిడ్ సోకినది. 43 మంది మరణించినారు.

డిసెంబరులో మర్ఫీ అను న్యాయవాది అధ్యక్షతన బహిరంగ విచారణ జరిగినది. నివేదిక 1938 ఆరంభమున వెలువడినది. మూడు సంగతులు ఏకకాలమున కూడుటయే కారణమని అందు తేలినది: బావిలో పని జరుగుట, పనివారిలో ఒకరు టైఫాయిడ్ క్రిములను దేహములో మోయుచుండుట, అదే సమయమున వడపోత, క్లోరిన్ రెండును నిలిచిపోవుట. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను ఇంత అనర్థము జరిగియుండదు.

ఆ పనివాని పేరును నివేదిక వెల్లడింపక 'ఎ' అని మాత్రమే పేర్కొన్నది. అది ఉచితమైన మర్యాద. ఎన్నడో జ్వరము వచ్చి నయమై, ఆరోగ్యముగా కూలిపని చేసికొనుచున్న మనిషిని నేరస్థుడనుట ఎట్లు? బావిలోనికి దింపకమునుపు పరీక్షింపవలసిన బాధ్యత దింపినవారిది. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. బావిలోనికి మనుష్యులు దిగుచున్నారని ఇంజనీరు శాఖ ఆరోగ్యాధికారికి తెలుపలేదు. నీటికి క్లోరిన్ అందుచున్నదని ఆరోగ్యాధికారి అనుకొనుచుండెను. ఇద్దరును ఒకే కార్పొరేషను ఉద్యోగులు. ఒక్క చీటీ ఒక గది నుండి మరియొక గదికి పోయియుండిన ఊరు బ్రదికియుండెడిది.

ఆ తరువాత ఒక బాలికయు ఆమె తండ్రియు కార్పొరేషనుపై దావా వేసినారు. నీరిచ్చు సంస్థ అజాగ్రత్తకు బాధ్యత వహింపవలసినదేనని 1938లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1939లో బ్రిటిషు ఆరోగ్య మంత్రిత్వ శాఖ నీటి సరఫరా సంస్థల దైనందిన నిర్వహణలో పాటింపవలసిన జాగ్రత్తలను ఒక పత్రముగా ప్రకటించినది. ఉత్సవములు, శిలాఫలకములు నేర్పలేని పాఠమును నలుబదిమూడు మరణములు నేర్పినవి.

ఈ కథ మనకేల అని శ్రోతలు అడుగవచ్చును. మన పురపాలక సంఘములకు మూలమైన చట్టములు ఆ కాలమున, ఆ ప్రభుత్వము చేతనే పుట్టినవి. భీమునిపట్టణము వంటి మన చిన్న ఊళ్ళు 1861 నాటికే పురపాలక సంఘములను ఎరుగును. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము నీటిని, మురుగును స్థానిక సంస్థల బాధ్యతలలో ముఖ్యముగా చేర్చినది. ఇది ఒక బాంధవ్యము. అంతకంటె దగ్గరిది మరియొకటి: మన పట్టణములలో పెక్కింట నేటికిని కొళాయి దినమునకు కొన్ని గంటలు మాత్రమే వచ్చును. తక్కిన వేళ గొట్టము ఖాళీ. ఆ గొట్టమునకు జానెడు దూరములో మురుగుకాలువ. బుకానన్ 1873లో చూపిన ప్రమాదము మన వీధిలో ప్రతి సాయంకాలమును పొంచియుండును. 2018 మార్చిలో గుంటూరులో వాంతులు, విరేచనములు ప్రబలి పలువురు మరణించినప్పుడు, త్రాగునీటిలో మురుగు కలియుటయే అందుకు కారణముగా చెప్పబడినది.

కాబట్టి మేము కోరునది గొప్ప సంగతి కాదు. వీధి త్రవ్వినప్పుడు దారి చెడినదని విసుగుకొనుటతో సరిపెట్టక, అతుకు వేసిన పిమ్మట గొట్టము కడిగినారా, క్లోరిన్ వేసినారా, ఆరోగ్యశాఖకు తెలిపినారా అని వార్డు సభ్యుని అడుగుదము. నీరు రంగు మారినను, వాసన వచ్చినను, రెండు దినములు కాచి త్రాగుచు, వెంటనే కబురు చేయుదము. పురపాలక సంఘము లెక్కలలో క్రొత్త కొళాయిలకెంత అని చూచునప్పుడు, పాతగొట్టములకెంత అని కూడ చూతము. ఆడింగ్టన్ బావి దగ్గర అడుగువారు లేకపోయినది అటువంటి చిన్న ప్రశ్నయే.