గ్రూపు ఎవరిది? బెంచీ ఎవరిది?: వేర్వేరు స్థాయిల పిల్లలకు బోధన

మెదక్ చుట్టుపక్కల సర్కారు బడుల్లో నాలుగో తరగతి పిల్లలందరూ నాలుగో తరగతి పాఠం చదవలేరు. ఒకరు గడగడా చదువుతారు, ఇంకొకరు గుణింతాల దగ్గరే ఆగుతారు. పత్తి ఏరడానికి నెల రోజులు పోయొచ్చిన పిల్లకు పాఠం ఎక్కడ ఆగిందో కూడా గుర్తుండదు. అందరికీ ఒకే పేజీ చెప్పుకుంటూ పోతే ముందు నష్టపోయేది ఇంట్లో చదివించేవాళ్లు లేని, ట్యూషన్ లేని పిల్లలు. వాళ్లలో దళిత పిల్లలు ఎందరో వాడకట్టులో అడిగితే తెలుస్తుంది.

2009 విద్యా హక్కు చట్టం దీన్ని టీచరు దయకు వదిలేయలేదు. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన ఇవ్వడం టీచరు విధి అని సెక్షన్ 24 చెబుతుంది. వీలైనంతవరకు మాతృభాషలో, భయం లేకుండా నేర్పాలని సెక్షన్ 29 అంటుంది. ఇంట్లో ‘మక్కలు’ అనే పిల్లవాడు బడిలో అదే మాట అంటే తప్పని దిద్దొద్దు. ‘మొక్కజొన్న’ను దాని పక్కన రాస్తే చాలు.

2022లో తెలంగాణ ప్రభుత్వం 1 నుంచి 5 తరగతులకు తెచ్చిన ‘తొలిమెట్టు’ కూడా చదవడం, రాయడం, లెక్కల పునాది కోసమే. స్థాయిని బట్టి గ్రూపులు చేయడం మంచి పద్ధతే. అక్షరం, పదం, పేరా, కథ చదివిస్తే ఐదు నిమిషాల్లో ఒక పిల్ల ఎక్కడుందో తెలుస్తుంది. అయితే గ్రూపు సబ్జెక్టును బట్టి మారాలి. చదవడంలో వెనుకబడినవాడు అంగట్లో లెక్క నోటితో చెప్పేయొచ్చు. కొన్ని వారాలకోసారి మళ్లీ చూసి మార్చకపోతే గ్రూపు బెంచీ అవుతుంది, బెంచీ వాడ అవుతుంది.

ఇంకో ముప్పు ‘చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేతులతో నేర్చుకునేవారు’ అనే విభజన. ఆ ముద్రల ప్రకారం బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. మన దగ్గర ఎవరి చేతులకు ఏ పని అంటగడతారో వేరే చెప్పాలా? 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ సగం పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అన్నారు. జనం దాన్ని కుల విద్య అని ఎదిరించారు. 1954లో అది రద్దయింది.

చేతి పని నేర్పడమే తప్పని కాదు. ఉమ్మడి మెదక్ జిల్లా మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలెలో ఎక్కువగా దళిత కుటుంబాల పిల్లలు చదివారు. అక్కడ మామూలు పాఠాలతోపాటే వడ్రంగం, కుండల తయారీ వంటివి నేర్పారు. పాఠం తీసేసి పని పెట్టలేదు, పుట్టిన కులాన్ని చూసి పని ఇవ్వలేదు.

చూపు, వినికిడి లోపం ఉన్న పిల్లల సంగతి వేరు. బ్రెయిలీ, సైగ భాష 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వాళ్లకు రావాల్సినవి.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యా హక్కు చట్టం చెబుతుంది. వెనుకబడిన వర్గాల తల్లిదండ్రులకు తగిన వాటా ఉండాలనీ చెబుతుంది. ఈసారి మీటింగుకు వెళ్లినప్పుడు ఒక్క కాగితం అడగండి: జూన్‌లో ఏ గ్రూపులో ఎవరున్నారు, డిసెంబరుకు ఎవరు పైకి వచ్చారు?