పడదు, పట్టదు

‘నాకు వంకాయ పడదు’ అంటాం. వంకాయ చెడ్డదని కాదు, నా ఒళ్ళు చెడ్డదనీ కాదు. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదని. కొత్త ఊరి నీళ్ళు పడలేదన్నా, తోడికోడళ్ళకి పడదన్నా ఇదే క్రియ. ‘పడదు’ అనగానే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న పుడుతుంది. పాత వ్యాకరణాలు షష్ఠీ విభక్తిలో చేర్చిన ఆ ‘కి, కు’లే ఈ మాటకు ప్రాణం.

దీని పక్కనే ‘పట్టదు’ ఉంది. ఎంత పెట్టినా పిల్లాడి ఒంటికి పట్టడం లేదని తల్లులు బెంగపడతారు. 1991లో ఫ్రెడ్ కెర్న్ అనే అమెరికన్ వైద్యుడు 88 ఏళ్ళ వృద్ధుడొకరి గురించి రాశాడు. ఆ పెద్దాయన ఏళ్ళ తరబడి రోజుకు 25 గుడ్లు తినేవాడు. రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం మామూలుగానే ఉంది. పరీక్షిస్తే, తిన్న కొలెస్ట్రాల్‌లో ఆయన పేగులు పీల్చుకుంటున్నది 18 శాతమే. ఒంట్లో చేరినదాన్ని కాలేయం పైత్యరసపు ఆమ్లాలుగా మార్చి వదిలించుకుంటోంది. అచ్చంగా, ఒంటికి పట్టలేదు! కొలెస్ట్రాల్ పేరులోనూ పైత్యమే ఉంది: గ్రీకులో ‘ఖోలే’ పైత్యం, ‘స్టెరియోస్’ గట్టిది. పిత్తాశయపు రాళ్ళలో దాన్ని మొదట గుర్తించారు మరి.

ఈ పట్టడం, పట్టకపోవడం కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. 19వ క్రోమోజోమ్ మీద ఏపీఓఈ అనే జన్యువుంది. దానికి ముఖ్యంగా మూడు రూపాలు: ఈ2, ఈ3, ఈ4. ఈ4 ఉన్నవాళ్ళ పేగులు సగటున కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పీలుస్తాయి, చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ కూడా రక్తంలో ఎక్కువగానే ఉంటుంది. ఈ2 వాళ్ళకు సాధారణంగా తక్కువ.

మధుమేహం వచ్చాక ఈ లెక్క తలకిందులు కావచ్చు. తల్లినుంచీ తండ్రినుంచీ ఈ2నే పొందినవాళ్ళలో చాలామంది నిక్షేపంగా బతుకుతారు. కొందరికి మాత్రం మధుమేహమో స్థూలకాయమో తోడైనప్పుడు, సగం కరిగిన కొవ్వు రేణువులను కాలేయం లాక్కోలేక అవి రక్తంలోనే పేరుకుపోతాయి. అరచేతి గీతల్లో పసుపు చారలు తేలతాయి. ఆ జన్యువుకీ ఆ జబ్బుకీ పడలేదన్నమాట. మేలేమిటంటే, ఈ స్థితి తిండి మార్పుకూ చక్కెర అదుపుకూ బాగా లొంగుతుంది. ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకపు జన్యువులోనే పుట్టుకతో లోపమున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు పథ్యం ఒక్కటే చాలదు, మందు కావాలి.

‘మీ అన్నయ్య నెయ్యి మానేస్తే కొలెస్ట్రాల్ తగ్గింది, నీకెందుకు తగ్గదు? చాటుగా తింటున్నావా?’ షుగరున్నవాళ్ళను ఇంట్లో ఇలా నిలదీస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. దయచేసి ఆ మాట అనకండి. తిండి మార్చేముందు ఒకసారి, రెండు మూడు నెలలకు మరోసారి లిపిడ్ పరీక్ష చేయించి, రెండు కాగితాలూ డాక్టరు ముందు పెట్టండి. ఈలోగా వాడుతున్న మందులు మాత్రం మానకండి.