చంద్రగిరి శిథిలాలు – మన చరిత్ర దృష్టి

1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలింది. ఆరవీటి రాజులు పెనుకొండకూ, ఆపైన చంద్రగిరికీ రాజధాని మార్చారు. వారి ఏలుబడిలోనే, చెన్నపట్నం వెలిసిన నేల 1639లో ఇంగ్లీషు కంపెనీకి దక్కింది.

ఈమధ్య రెండు రోజుల సెలవులో నేనూ నా భార్యా చంద్రగిరి కోట చూశాం. రాజమహలు మూడంతస్తులు, కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినది. ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల. "ఈ సున్నం నూరిన చేతులెవరివి?" అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్న మన సాహిత్యానికీ వర్తిస్తుంది. తిరుమల శాసనాలు దాతల పేర్లనూ, నైవేద్యాల కొలతలనూ సైతం చెబుతాయి. కొడాలి సుబ్బారావు 'హంపీ క్షేత్రం' పోయిన వైభవానికి దుఃఖించింది. ఆ వైభవానికి శిస్తు కట్టిన రైతును, రాళ్ళు మోసిన కూలీని వెతకడం మన తరం రచయితల పని.